లిఫ్టు బొంత

లిఫ్టు గచ్చుకు వేలెడు కిందుగా ఆగింది. లోపలున్న ఇద్దరూ పంటినొప్పి మనుషులు. చెంపలు పట్టుకుని నిలబడ్డవాళ్ళకు కాళ్ళ కింద తేడా ఏం తెలుస్తుంది, చూసుకోకుండానే బయటికి నడవబోయారు.

"ఆగండాగండి" అంటూ లిఫ్టాయన ఇనుప పిడిని గోరంత ఎడమకు నెట్టి, అంతలోనే నడిమికి లాగాడు. పెట్టె ఒక్క ఉలుకు ఉలికి గచ్చుతో కలిసింది. అప్పుడు మడత జాలీ తలుపు బరబరా తెరిచి, "ఇప్పుడు దిగండి" అన్నాడు.

ఆయన పనల్లా ఇదే. ఎక్కించడం, సమం చెయ్యడం, దించడం. ముప్పై ఏళ్ళకు పైగా ఒకే పిడి పట్టుకుని నిలబడడంతో కుడి భుజం జారిపోయింది. ఎంత కొలిచి కుట్టిన చొక్కా అయినా ఆయన ఒంటిమీద కుడివైపుకు వేలాడుతుంది. బొటనవేలి మొదట్లో శనగగింజంత కాయ. ఎత్తు మామూలు, రంగు మామూలు, మీసం మామూలు. నలుగురిలో నిలబెడితే ఐదోవాడిగా కూడా లెక్కకు రాడు. ఆయన పేరు జీతాల గుమాస్తాకు ఒక్కడికే తెలుసు. మిగతా అందరికీ లిఫ్టాయనే. ఇంట్లో భార్య కూడా పొరుగువాళ్ళతో "మా లిఫ్టాయన ఇంకా రాలేదు" అంటుంది.

నోట్లో నాలుక లేని మనిషని ఆసుపత్రంతా ఒప్పుకున్న మాట. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాడు. ఎవరు విసుక్కున్నా ఆ విసుగు తనది కాదన్నట్టు జాలీలోంచి బయటికి చూస్తుంటాడు. జాలీకి ఎదురుగా, కింది అంతస్తులో, ఒక గోడ. ఇక్కడ పనిచేసి వెళ్ళినవాళ్ళ ఫొటోలు దానిమీద వరసగా ఉంటాయి. రిటైరయ్యే రోజు మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆసుపత్రి పెద్ద పక్కన నిలబడి తీయించే ఫొటోలు. వరస చివర ఒక ఖాళీ మేకు. నాలుగు నెలల్లో ఆ మేకు తనదవుతుందని ఆయన ఎవరితోనూ అనలేదు గానీ, పొద్దున్నే రాగానే దానిమీది బూజు మాత్రం తనే దులుపుతాడు. జీవితమంతా నిలబడ్డవాడికి ఒక్క ఫొటోలో కూర్చోవాలని ఉండడం పెద్ద తప్పేమీ కాదు.

ఇది పెద్ద ఆసుపత్రి కాదు. ఒకప్పటి బట్టల గిడ్డంగి. మూటలు మోసిన లిఫ్టు కాబట్టి మంచం పట్టేంత వెడల్పు ఉంటుంది. కింద జ్వరాలు, దెబ్బలు, పెద్ద డాక్టరు గది. మొదటి అంతస్తులో పళ్ళు, కళ్ళు. రెండో అంతస్తులో స్టోరు, ఆఫీసు. మూడో అంతస్తులో వారానికి ఒక రోజు అలసట క్లినిక్. ఇవాళ ఆ రోజు.

ఆ జబ్బుకు డాక్టర్ల నోట్లో పొడుగాటి పేరుంది. జనం అలసట జబ్బు అనేశారు, దాంతో జబ్బు సగం చులకనైపోయింది. అలసట లేనివాడెవడు? మధ్యాహ్నం బల్లమీద తలవాల్చి గురకపెట్టే గుమాస్తా కూడా "నాకూ అదే జబ్బు" అని ఇకిలిస్తాడు. ఇది నిద్రపోతే పోయేది కాదు. ఇవాళ ఓపిక తెచ్చుకుని ఒక పని చేస్తే, దానికి శిక్ష రేపూ ఎల్లుండీ వారాల తరబడీ పడుతుంది. వెలుతురు గుచ్చుకుంటుంది, చప్పుడు కొడుతుంది, జల్లెడలో నీళ్ళు పోసినట్టు ఎంత పడుకున్నా ఒంట్లో బలం నిలవదు. లిఫ్టాయనకు ఇందులో శాస్త్రం ఏమీ తెలియదు. తెలుసని అనుకోడు కూడా. ఎక్కిన మనిషి ముఖం, దిగిన మనిషి ముఖం, అంతే ఆయన చూసేది.

కొత్త పెద్ద డాక్టరు చెడ్డవాడు కాదు. పొద్దున్నే పరుగెత్తుతాడు, చల్లనీళ్ళు పోసుకుంటాడు, లోకంలో సగం జబ్బులు కూర్చోవడం వల్లే వస్తాయని నమ్ముతాడు. వచ్చిన కొత్తలోనే మెట్ల దగ్గర ఎర్రక్షరాల బోర్డు పెట్టించాడు. 'మెట్టే మందు. మూడో అంతస్తుకు వెళ్ళే రోగులు లిఫ్టు ఎక్కరాదు.' మెట్లెక్కి వచ్చినవాళ్ళకే చికిత్స. ఎక్కడమే మొదటి చికిత్స. మరి డాక్టరుగారు మూడో అంతస్తుకు వెళ్ళేది ఎలా అంటే, లిఫ్టులో. ఆయన రోగి కాదు కదా.

ఎక్కగలిగినవాళ్ళు ఏడుస్తూనో పంతానికో ఎక్కారు. దిగేటప్పుడు మాత్రం లిఫ్టు వద్దని బోర్డులో లేదు కాబట్టి, ఒక్కొక్కరూ ఈ ఇనుపరేకు నేలమీద పడుకుని దిగారు. ఆ తరవాత చాలామంది మళ్ళీ రాలేదు. రానివాళ్ళందరికీ నయమైనట్టు పైన లెక్క వేసుకున్నారు. కదలలేక ఇంట్లో పడివున్నారేమోనని వెళ్ళి చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఈ లెక్కన శ్మశానమంతటి ఆరోగ్యవంతమైన చోటు ఇంకెక్కడా ఉండదు.

లిఫ్టాయన కూడా నోరెత్తలేదు. ఆ మాట దాచిపెట్టి ఆయన్ని గొప్పవాణ్ణి చెయ్యనక్కర్లేదు. మనుషులు మెట్లమీద పాకుతుంటే ఖాళీ లిఫ్టులో పిడి పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని, "నేలంతా ఇనుపరేకు. చల్లగా ఉంటుంది" అన్నాడు, అదేదో లిఫ్టు బాధ అయినట్టు. బట్టలు కుట్టే భార్య ఆ మాట వింది. ఆయన చిరిగిపోయిన ఖాకీ యూనిఫాములన్నీ పెట్టె అడుగున ఉన్నాయి. వాటిని ముక్కలు చేసి, పరిచి, రెండు పొరల మధ్య పాత దుప్పటి పెట్టి, మందంగా కుట్టింది. లిఫ్టు కొలత ఆయన జానలతో చెప్పాడు.

"లోకంలో లిఫ్టుకు బొంత కుట్టించుకున్న మొగుడివి నువ్వొక్కడివే" అంది ఆమె, దారం కొరుకుతూ. ఒక చొక్కా జేబును మాత్రం ఆమె విప్పలేదు. బొంత మూలన అలాగే ఉంచేసింది. "ఎవరైనా కళ్ళజోడు పెట్టుకుంటారు" అంది.

ఆ బొంత ఏ బట్టతో కుట్టిందో స్టోరు గుమాస్తాకు తెలియదు. పాత జత ఇస్తేనే కొత్త జత అనేది అతని వేదం. ఏడాదికోసారి "పాతవేవయ్యా?" అని అడుగుతాడు, లిఫ్టాయన "చిరిగిపోయాయండి" అంటాడు, గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూసి, సణుగుతూ కొత్తది ఇస్తాడు.

పన్నెండు కావస్తుండగా కండక్టరమ్మ వచ్చింది.

ఆమె నిజంగానే బస్సు కండక్టరు. పదహారేళ్ళు కదిలే బస్సులో నిలబడి, ఊరి జనాన్నంతా "లోపలికి జరగండి" అని అదిలించిన గొంతు. ఇప్పుడు నల్ల కళ్ళద్దాలు, చెవుల్లో దూది, అత్తగారి భుజంమీద మొత్తం బరువు. అత్తగారికి డెబ్బై దాటాయి, చువ్వలా ఉంది. కోడల్ని మెట్ల దగ్గరికి నడిపించి, కింది మెట్టుమీద మెల్లగా కూర్చోబెట్టింది. ఆ నడకకే కోడలి పెదాలు తెల్లబడ్డాయి.

"బోర్డుమీద ఏం రాశారత్తా?"

"నిన్ను పొగుడుతూ పద్యం రాశార్లే. కళ్ళు మూసుకో."

లిఫ్టాయనకు ఆమె గుర్తుంది. బోర్డు పెట్టిన మొదటి వారం ఈ మెట్లన్నీ ఎక్కిన మనిషి. "నేను ఎక్కనని అనుకుంటున్నారు కదూ" అని నవ్వుతూ ఎక్కింది. దిగేటప్పుడు ఇనుపరేకుమీద ముడుచుకుని పడుకుని, లిఫ్టు ఆగాక కూడా లేవలేకపోయింది. ఆ తరవాత నెలల తరబడి మంచం. రాలేదు కాబట్టి నయమైందని పేరు కొట్టేశారు. పేరు పోవడంతో ఇంటికొచ్చే నర్సు ఆగిపోయింది. డిపోవాళ్ళు ఉద్యోగం పట్టి ఉంచాలంటే జబ్బుందని ఆసుపత్రి చెప్పాలి. ఆసుపత్రేమో జబ్బు లేదంది. ఇవాళ పైకి వెళ్ళి, అలసట క్లినిక్ చూసే చిన్న డాక్టరమ్మ ముందు పడి, తన పేరు మళ్ళీ రాయించుకోవాలి. లేకపోతే నెలాఖరుకు డిపోలో ఆమె చోటు పోతుంది. ఇదంతా అత్తగారు, ఎవరూ అడక్కముందే, హాలంతటికీ వినబడేలా చెప్పింది.

"మొదట్లో దొంగ జబ్బని నేనే అన్నాను. పనెగ్గొట్టడానికి పడుకుందన్నాను. నా నోటితో నేను అన్నాను కాబట్టి ఇంకొకళ్ళు అంటే ఊరుకోను" అంది.

ఆ గొంతుకు పెద్ద డాక్టరు గదిలోంచి బయటికి వచ్చాడు.

"మీరా? ఆ రోజు చక్కగా ఎక్కారే! ఇవాళేమైంది? లేవండి, మెల్లగా ఒక్కో మెట్టూ. ఈ పెద్దామె కూడా ఎక్కుతుంది చూడండి."

"నేనెక్కుతాను బాబూ, నాకేం రోగం?" అంది అత్తగారు. "రోగం దానికి."

కండక్టరమ్మ కళ్ళు తెరవలేదు. గొంతు చిన్నదే, మాట మాత్రం తొణకలేదు. "ఆ రోజు పంతానికి ఎక్కాను సార్. ఇవాళ పంతానికే ఎక్కను."

"సరే, మీ ఇష్టం. పైకి రాకపోతే పేరు ఎక్కదు." ఆయన లిఫ్టు వైపు తిరిగి, "నీకు చెప్పక్కర్లేదుగా?" అన్నాడు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

లిఫ్టాయన జాలీలోంచి చూశాడు. ఎదురుగా గోడ. గోడమీద మేకు. దానికి కాస్త పక్కగా, కింది మెట్టుమీద, గోడకు తల ఆనించిన ఆడమనిషి. రెండూ ఒకే చూపులో పడుతున్నాయి. ఎటు తిరిగినా ఆ రెండూ కనబడకుండా ఉండవు. ఆయనకు కోపం వచ్చింది. ముందు ఆమెమీద, ఈ రోజే రావాలా అని. తరవాత డాక్టరుమీద. ఆఖరికి, నాలుగు నెలల కోసం నోరు నొక్కుకుంటున్న తనమీద. మూడో కోపం దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి జాలీ తలుపు తెరిచేసింది.

"రామ్మా" అన్నాడు.

అత్తగారు అనుమానంగా చూసింది. "నీ ఉద్యోగం ఊడుతుందేమో అబ్బాయ్?"

యాభై తొమ్మిదేళ్ళు దాటినవాణ్ణి అబ్బాయ్ అనేసరికి ఆయనకు నవ్వొచ్చింది. "ఊడితే ఊడింది. బొంత ఉంది, పడుకోబెట్టండి."

ఇద్దరూ పట్టుకుని ఆమెను లోపలికి చేర్చారు. ఆమె పడుకుని అరచేత్తో కింద తడిమింది. "అన్నా, ఇది లేదుగా ఆ రోజు?"

"నువ్వు ఇనుపరేకుమీద పడుకున్నాకే కుట్టించానమ్మా. జేబుంది, అద్దాలు పెట్టుకో."

ఆమె నల్లద్దాలు తీసి జేబులో పెట్టింది. కళ్ళు మూసుకునే, పాత అలవాటుగా, "మూడో అంతస్తుకు ఒకటి. రైట్ రైట్" అంది. ఆ గొంతులో బస్సు మిగిలే ఉంది.

పైన ఆపినప్పుడు చేసినంత శ్రద్ధగా ఆయన జన్మలో ఎన్నడూ సమం చెయ్యలేదు. పెట్టె ఎక్కడ ఆగిందో గచ్చుకు కూడా తెలియలేదు. జాలీ తెరిచి చిన్న డాక్టరమ్మను పిలిచాడు. ఆమె వరండాలోకి వచ్చి, నేలమీద మనిషిని చూసి, ముందు ఒక అడుగు వేసి ఆగిపోయింది.

"లిఫ్టులో వచ్చినవాళ్ళను చూడొద్దని సార్ ఆర్డరు" అంది. చేతులు కోటు జేబుల్లో దాచుకుంది. మింగలేక కక్కలేక నిలబడింది పాపం. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు.

"మంచిదమ్మా. అయితే లిఫ్టు ఇక్కడే ఉంటుంది" అన్నాడు లిఫ్టాయన, జాలీ బార్లా తెరిచి.

జాలీ తెరిచి ఉంటే ఆ లిఫ్టు కదలదు, దేవుడు పిలిచినా. కిందినుంచి గంట మోగింది. మళ్ళీ మోగింది. పళ్ళవాళ్ళు మోగించారు, కళ్ళవాళ్ళు మోగించారు. వాళ్ళకది ఒక్క అంతస్తే, తిట్టుకుంటూ ఎక్కిపోయారు. ఆఖరికి ఎడతెరిపి లేకుండా ఒకటే మోత. అది ఎవరి వేలో ఆయనకు తెలుసు. పెద్ద డాక్టరు క్లినిక్కుకు రావాల్సిన వేళ అది.

మోత ఆగింది. మెట్లమీద బూట్ల చప్పుడు మొదలైంది. మొదటి అంతస్తు దాకా టకటకా వచ్చింది. రెండో అంతస్తుకు నిదానించింది. పొద్దున్నే పరుగెత్తేవాడే గానీ, కోపం గుండెల్లో పెట్టుకుని, కోటు వేసుకుని, మధ్యాహ్నం మెట్లెక్కడం వేరు. మూడో అంతస్తుకు వచ్చేసరికి నోట మాట లేదు. గోడ పట్టుకున్నాడు. అత్తగారు వరండాలోని స్టూలు తీసి ముందుకు జరిపింది. ఆయన దానిమీద కూలబడ్డాడు.

కాస్త ఊపిరి అందగానే, "చూశారా... ఎక్కాను" అన్నాడు. "ఎవరైనా... ఎక్కొచ్చు."

"ఎక్కారు బాబూ, కాదన్నదెవరు?" అంది అత్తగారు. ఈసారి గొంతు పెంచలేదు. "రేపు పొద్దున లేస్తారా? లేస్తారు. పరుగెత్తుతారు కూడా. ఇది ఆ రోజు ఎక్కి, నాలుగు నెలలు లేవలేదు. నేను నోట్లో ముద్ద పెట్టాను. పక్కమీదే ఒళ్ళు తుడిచాను. అదీ తేడా."

పెద్ద డాక్టరు నుదురు తుడుచుకున్నాడు. ఆయన మనసు మారిపోయిందని రాస్తే కథకు బాగుంటుంది గానీ, అదేం జరగలేదు. ఊపిరి పూర్తిగా కుదుటపడగానే, "రూలు రూలే" అన్నాడు.

అప్పుడు చిన్న డాక్టరమ్మ జేబుల్లోంచి చేతులు తీసింది. చెప్పులు బయట విడిచి, లిఫ్టులోకి వచ్చి, బొంతమీద మోకాళ్ళమీద కూర్చుంది. కండక్టరమ్మ మణికట్టు పట్టుకుంది. "మాట్లాడకండి. అవునంటే వేలు కదపండి చాలు" అంది మెల్లగా. ఒక్కొక్కటే అడిగింది. వెలుతురు? వేలు కదిలింది. నిద్ర లేచినా అలాగేనా? వేలు కదిలింది. ఈ ప్రయాణానికి ఎన్ని రోజులు పడుకోవాల్సి వస్తుందో తెలుసా? వేలు కదల్లేదు. మూసిన కళ్ళ చివర్లనుంచి నీళ్ళు మాత్రం చెవుల్లోకి జారాయి. డాక్టరమ్మ తన రుమాలుతో తుడిచి, తలెత్తి, "సార్, ఈమెకు నయమైందని రాసింది నేను. చూడకుండా రాశాను. ఇప్పుడు చూసి రాస్తున్నాను" అంది.

గొంతు వణికింది. వణికినా ఆగలేదు, అదే గొప్ప.

పెద్ద డాక్టరు లేచాడు. డాక్టరును ఏమీ అనలేక, అనడానికి దొరికినవాడి వైపు తిరిగాడు. "సాయంత్రం పిడి అప్పగించి వెళ్ళు. రేపట్నుంచి రావక్కర్లేదు. ఏం రావాలో రూలు ప్రకారం ఇంటికి పంపిస్తారు."

"అలాగే సార్" అన్నాడు లిఫ్టాయన.

పెద్ద డాక్టరు కిందికి వెళ్ళడానికి లిఫ్టు వైపు ఒక అడుగు వేసి, నేలమీద మనిషిని చూసి, మెట్ల వైపు తిరిగాడు.

ఉద్యోగం పోయాక ఇంక పోయేదేముంది? ఆ మధ్యాహ్నం లిఫ్టాయన జీవితంలో ఎన్నడూ లేనంత హుషారుగా పనిచేశాడు. కండక్టరమ్మను అద్దె బండిదాకా దించి వచ్చాక, మెట్ల దగ్గర కూలబడ్డ ఒక బడిపంతుల్ని ఎక్కించాడు. గోడ పట్టుకుని నిలబడ్డ ఒక పిల్లతల్లిని పిలిచి మరీ ఎక్కించాడు. "బోర్డు చదివారా?" అని ఎవరో భయంగా అడిగితే, "నాకు చదువు రాదండి" అన్నాడు. అది పచ్చి అబద్ధం. రోజూ పేపరు అక్షరం వదలకుండా చదివే మనిషి.

సాయంత్రం స్టోరు గుమాస్తా మూడో అంతస్తుకు వచ్చాడు. కళ్ళజోడు తాడుకు వేలాడుతోంది. చేతిలో ఏదో సంచీ.

"ఒంటిమీది జత ఉతికి పంపించు. సరే, పాతవన్నీ ఎక్కడ? ఒక్క జతా వెనక్కివ్వలేదు నువ్వు. ఇప్పుడు తప్పదు."

లిఫ్టాయన పక్కకు జరిగాడు. "అవిగోనండి. పరిచే ఉన్నాయి."

గుమాస్తా కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. తరవాత గొంతుక్కూర్చున్నాడు. ఖాకీ ముక్కల్ని ఒక్కొక్కటే తడిమాడు. కొన్ని ముదురు, కొన్ని వెలిసిపోయి మట్టిరంగు, కొన్ని చంకల దగ్గర చెమటకు తెల్లబారినవి. ఒక మనిషి కొలువంతా అక్కడ పడుకుని ఉంది. మూలన జేబు కుట్టు కూడా తడిమి చూశాడు.

"ఇది ఆసుపత్రి ఆస్తి" అన్నాడు.

"అవునండి."

"ఆసుపత్రి ఆస్తి ఇంటికి తీసుకెళ్ళడానికి వీల్లేదు."

"తీసుకెళ్ళనండి."

"తీసి పారెయ్యడానికి కూడా వీల్లేదు, పెద్ద డాక్టరైనా సరే." గుమాస్తా ఇంకా బొంత వైపే చూస్తున్నాడు. "పారెయ్యాలంటే కమిటీ కూర్చోవాలి. ఆ కమిటీ కూర్చుని ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. సభ్యుల్లో ఇద్దరు పోయారు కూడా." సంచీలోంచి ఊదారంగు సిరా మెత్త, కర్రపిడి ముద్ర తీశాడు. మూడు దశాబ్దాలుగా దుప్పట్లమీద, దిండుగలీబులమీద పడుతున్న ముద్ర అది. "ఎక్కడ ఉండాల్సిన వస్తువని రాసుకోను?"

లిఫ్టాయన వంగి బొంత మూల ఒకటి సర్దాడు.

"లిఫ్టులోనండి. నేలమీద."

గుమాస్తా జేబు పక్కన చోటు చూసుకుని, ముద్ర ఆనించి, దానిమీద తన బరువంతా వేసి నొక్కాడు. మోకాళ్ళు పట్టుకుని లేస్తూ, "నాకేం తెలీదు, నా పని నేను చేశాను" అని ఎవరూ అడక్కుండానే సంజాయిషీ చెప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

పిడిని కరెంటు మేస్త్రీకి అప్పగించి, అన్నం డబ్బా తీసుకుని, లిఫ్టాయన మెట్లమీద దిగాడు. ముప్పై ఏళ్ళుగా పక్కనే ఉన్న మెట్లు. వాటి అంచులు ఇంతగా అరిగాయని ఆయనకు ఇవాళే తెలిసింది. మోకాళ్ళు మూలిగాయి. ఒక్కచోట కూడా ఆగలేదు. కింద గోడ దగ్గర మాత్రం నిలబడ్డాడు. మేకుమీద మళ్ళీ బూజు పట్టింది. దానికి ఎవరి ఫొటో తగులుతుందో ఏమో. చూపుడువేలితో దులిపి, ఇంటికెళ్ళగానే భార్య అడగబోయే మొదటి ప్రశ్నకు జవాబు తయారు చేసుకుంటూ, జారిన భుజం జారినట్టే, తల మాత్రం ఎత్తుకుని, గేటు దాటి జనంలో కలిసిపోయాడు.

పైన, జాలీ తలుపు వెనక, బొంత నాలుగు మూలలా పరిచినట్టే ఉంది. కండక్టరమ్మ మరిచిపోయిన నల్లద్దాలు జేబులోంచి సగం బయటికి చూస్తున్నాయి, వాటి పక్కన ఊదారంగు ముద్ర ఇంకా తడి ఆరలేదు.